నమూనా ప్రకారమే

"నువ్వు ఇచ్చిందే చేశాను," అంది నెరీనా, లేత్ మిషన్ ఆపకుండానే.

"నేనిచ్చింది ఇది కాదు. ఇది పట్టడం లేదు. లోపల గలగలమంటోంది. క్లచ్ మీద కాలు వేస్తే పెడల్ పక్కకి వాలిపోతోంది."

"పాత పిన్నుతో కూడా అలాగే వాలేదా?"

"అవును. అందుకేగా కొత్తది చేయమన్నాను!"

అప్పుడు ఆపింది మిషన్. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మేకుకి గుచ్చి ఉన్న చీటీల్లోంచి ఒకటి లాగి నా ముందు పెట్టింది. నా చేతిరాతే. 'నమూనా ప్రకారమే చేయాలి. ఏమీ మార్చకూడదు.' కింద రెండు గీతలు కూడా గీశాను.

"నీ నమూనా ఒక పక్క అరిగిపోయి ఉంది, ఔదీసియో. గుండ్రటి పిన్ను చేయడానికి నాకు పావుగంట చాలు. ఆ అరుగుదలని ఉన్నది ఉన్నట్టు దించడానికి రెండు గంటలు పట్టింది. చివర్లో ఆకురాయితో కూర్చుని గీకాను." పిన్నుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. "ఎంత ముచ్చటగా అరిగిందో చూడు."

ఒక మనిషి మీద కసితో ఇంకో మనిషి రెండు గంటల సేపు ఇంత నైపుణ్యం ఖర్చు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది వెటకారం," అన్నాను.

"ఇది ఆర్డర్. నువ్వు రాసిచ్చావు."

"అడగొచ్చుగా!"

"అడిగాను. పోయిన వారం అడిగాను. పిన్ను ఒక్కటే చూస్తే లాభం లేదు, అది తిరిగే రంధ్రం చూడాలి, నీ బండి దగ్గరికి వచ్చి ఐదు నిమిషాలు కొలుచుకుని పోతాను అన్నాను. నువ్వేమన్నావు?"

నేనేమన్నానో నాకు గుర్తుంది. మళ్లీ అదే అన్నాను. "నా షెడ్డులోకి ఎవరూ రారు."

"అయితే దీన్నే తీసుకుపో," అని కళ్లద్దాలు కిందికి దించుకుంది.

పాతదీ కొత్తదీ రెండు పిన్నులూ పిడికిట్లో బిగించి బయటికొచ్చాను. వీధి మలుపు తిరిగేదాకా మనసులో ఆమెకి జవాబులు చెప్తూనే ఉన్నాను. మలుపు దగ్గర గమనించాను, ఆ జవాబుల మధ్య ఎక్కడో కళ్లద్దాల అంచు ఆమె నుదుటి మీద వదిలిన ఎర్రటి గీత కూడా వచ్చి కూర్చుంది. దాన్ని అక్కడి నుంచి తోసేశాను. కోపంలో ఉన్నవాడికి అలాంటివి అనవసరం.

నేను ఉద్యోగరీత్యా కొలిచేవాణ్ణి. మా ఊరు కొలోనియా ఎర్మీనియాలో ఉన్నవన్నీ విత్తనాలు నాటే యంత్రాల ఫ్యాక్టరీలే. అందులో ఒకదాంట్లో తనిఖీ గదిలో కూర్చుని, వచ్చిన ప్రతి ముక్కనీ వెర్నియర్ కొలబద్ద పెట్టి చూసి, మంచిది ఇటు, చెడ్డది అటు వేస్తాను. ఒంటరిగా చేసే పని. నాకు నచ్చిన పని.

రెండేళ్ల కిందట ఒక పొలంలో కోళ్లగూడుగా బతుకుతున్న రాస్త్రొహేరో పికప్పు నా కంట పడింది. సీటు మీద కోడిగుడ్లు ఉన్నాయి, స్టీరింగ్ మీద పుంజు కూర్చుని ఉంది. ఆ బండ్లు చేసిన ఫ్యాక్టరీ నేను పుట్టకముందే మూతపడింది. విడిభాగాలు కొనడమన్న మాటే లేదు. కావలసింది చేసుకోవాలి, లేదా ఎవరి చేతనైనా చేయించుకోవాలి.

ముందు షెడ్డు కట్టాను. ఇంటి వెనక ఖాళీ స్థలంలో నేల చదును చేసి కాంక్రీటు పోశాను. పాత రైలు పట్టాల కింద వేసే కెబ్రాచో అనే గట్టి చెక్కలతో పనిబల్ల చేశాను; ఆ చెక్కలకి రంధ్రం వేయబోయి మూడు డ్రిల్లు ముక్కలు విరగ్గొట్టుకున్నాను. రేకు వంచడానికి ఒక మిషన్ కావాలి. అది కూడా నేనే చేసుకున్నాను. బండి అడుగు రేకు పూర్తిగా తుప్పు తినేసింది, అందుకని ఫ్యాక్టరీలో నేనే పనికిరాదని పక్కన పడేసిన విత్తనాల తొట్టి ఒకటి అడిగి తెచ్చుకుని, కోసి, వంచి, కొత్త అడుగు వేశాను. ఇదంతా ఒక్కణ్ణే చేశాను. ఎవరి జోలికీ పోలేదు.

అదే నా నేరమట.

మా ఊళ్లో బండి బానెట్ ఎత్తడమంటే వీధి మొత్తాన్ని పిలవడమే. రెండు నిమిషాల్లో ఒకాయన వస్తాడు. ఐదు నిమిషాల్లో కుర్చీ వస్తుంది. ఆ తర్వాత వేడినీళ్ల ఫ్లాస్కూ, మాతే ఆకుల తేనీరు పీల్చే గిన్నే వస్తాయి. గిన్నె చేతులు మారుతుంది, సలహాలు నోళ్లు మారతాయి. పని చేసేవాడు ఒకడు, చూసేవాళ్లు తొమ్మిది మంది. సాయంత్రానికి ఆ తొమ్మిది మందీ 'మేం బండి బాగుచేశాం' అని ఇంటికెళ్లి చెప్పుకుంటారు.

నా షెడ్డుకి గేటు పెట్టిన మొదటి వారం దోన్ ఒరెస్తే వచ్చాడు. నలభై ఏళ్లు లారీలు బాగుచేసి రిటైరైన మనిషి. జేబుల్లో చేతులు పెట్టుకుని చాలాసేపు చూసి, "కార్బురేటర్ అయ్యుంటుంది," అన్నాడు.

"దోన్ ఒరెస్తే, ఇది డీజిల్ బండి. దీనికి కార్బురేటరే ఉండదు."

"అందుకే కదా సమస్య," అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా.

పక్కింటి దోన్యా ఎల్దాకి బండి నడపడం రాదు. అయినా ఆమె తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, దీనికి ఆకాశం రంగు వేయాలని, వేయకపోతే చూడ్డానికి శవాల బండిలా ఉంటుందని ప్రకటించింది.

నాలుగో రోజు గేటుకి పైనుంచి కిందిదాకా రేకు కొట్టాను. లోపలి నుంచి గొళ్లెం పెట్టాను. అక్కడితో ఆగకుండా, ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు అడిగి తీసుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా, అంటే సియెస్టా వేళ, ఊరు ఊరంతా తలుపులు బిగించి నిద్రపోయే ఆ మూడు గంటలూ నావి. గేటు తట్టేవాడుండడు. నేను గ్రైండర్ ఆన్ చేసేవాణ్ణి.

అవును, సియెస్టాలో గ్రైండర్. మా వైపు పసిపిల్ల కూడా ఆ వేళలో గట్టిగా ఏడవదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మనిషిని మనశ్శాంతిగా ఉండనివ్వనివాళ్ల నిద్ర గురించి ఆ మనిషి ఎందుకు ఆలోచించాలి? అప్పట్లో నాకు ఇది గొప్ప న్యాయసూత్రంలా కనిపించింది.

క్లచ్ పిన్ను తర్వాత తలుపు బందు పిన్ను తీసుకెళ్లాను. 'నమూనా ప్రకారమే.' నెరీనా దాన్ని కూడా అరుగుదలతో సహా చేసిచ్చింది. తలుపు మునుపటిలాగే కిందికి వాలింది. వెళ్లి కేకలేశాను.

"ఈసారి అరుగుదల సరిగ్గా రాలేదా?" అంది అమాయకంగా.

"నీకు పని రాదు!"

"ఏమన్నావ్?"

"... కావాలని చేస్తున్నావు అన్నాను."

"పని రాదు అన్నావు. విన్నాను." లేత్ మీదున్న చెయ్యి తీసి నడుం మీద పెట్టుకుంది. "మా నాన్న చనిపోయిన ఏడాది ఈ ఊళ్లో నలుగురు పెద్ద మనుషులు వచ్చి ఈ మిషన్లు అమ్మెయ్యమన్నారు, ఔదీసియో. ఇప్పుడు ఆ నలుగురి ట్రాక్టర్లూ నా పిన్నుల మీదే తిరుగుతున్నాయి. ఇంకోసారి ఆ మాటంటే నీ రాస్త్రొహేరోని మళ్లీ కోళ్లకి ఇచ్చెయ్యాల్సి వస్తుంది."

నేను క్షమించమని అడగాలి. అడిగానా? గేర్ రాడ్ కింద తొడిగే గొట్టంలాంటి బుష్ బల్ల మీద పెట్టి, 'నమూనా ప్రకారమే' అని చీటీ రాసి వచ్చేశాను.

ఆ బుష్ ఇవ్వడానికి ఆమె తనే వచ్చింది. నవంబరు వాన. సియెస్టా వేళ. గేటు మీద రేకు దబదబా మోగితే ముందు వడగళ్లనుకున్నాను.

"ఎవరు?"

"నెరీనా. బుష్ తెచ్చాను. వెర్నియర్ కూడా తెచ్చాను. తలుపు తియ్యి, ఆ రంధ్రం చూస్తాను."

గొళ్లెం తీసి గేటుని నాలుగు వేళ్ల మేర తెరిచాను. సందులో ఆమె ముఖం సగమే కనిపించింది. కనుబొమ మీంచి చుక్క జారి, రెప్ప చివర కాసేపు నిలబడి, ఏదో నిర్ణయించుకున్నట్టు చెంప మీదికి దిగింది. ఆ కాసేపట్లో నాలో కూడా ఏదో అలాగే అంచున నిలబడింది.

"లోపల... సర్దలేదు," అన్నాను.

"నేను సర్దడానికి రాలేదు."

"బుష్ ఇలా ఇవ్వు."

"వాన పడుతోంది, ఔదీసియో."

నిజమే. వాన పడుతోంది. నేను వెనక్కి వెళ్లి మూలనున్న గొడుగు తెచ్చి సందులోంచి బయటికి జారవిడిచాను. బుష్ తీసుకున్నాను. గేటు వేసేశాను.

బయట చాలాసేపు అడుగుల చప్పుడు వినపడలేదు. తర్వాత గొడుగు గేటుకి తగిలి కింద పడిన చప్పుడు, ఆ తర్వాత నీళ్లలో విసవిసా నడిచిన చప్పుడు వినపడ్డాయి. నాకు భలే కోపం వచ్చింది. గొడుగిస్తే విసిరికొట్టే మనిషితో ఏం మాట్లాడతాం?

తర్వాత నాలుగో వారంలో కోర్టు నోటీసు వచ్చింది. అంతకుముందు రెండు వచ్చాయి; నీటి బిల్లు తాలూకు కాగితాలనుకుని పక్కన పెట్టాను. ఈసారి మున్సిపాలిటీ కోర్టుకి వెళ్లాను. జడ్జి పేరు ఒందీనా. యాభై దాటిన మనిషి, కళ్లజోడు గొలుసుకి వేలాడుతూ ఉంది.

"సియెస్టాలో శబ్దం. ఇది మూడో ఫిర్యాదు. మూడోసారికి షెడ్డు సీలు వేస్తారు, తెలుసా?"

"సీలా? అందులో నా బండి ఉంది!"

"బండితో సహా. పరికరాలతో సహా." కాగితం తిప్పింది. "ఏ ఇంజిను?"

"డీజిల్. పాతదే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే."

"మా మామయ్యకి ఉండేది," అంది జడ్జి కాసేపు మెత్తబడి. వెంటనే గొంతు సర్దుకుంది. "ఏడుగురు సంతకాలు పెట్టారు. ఏడుగురూ వెనక్కి తీసుకుంటే సీలు వేయను. ఒక్కరు మిగిలినా వేస్తాను. శనివారం ఐదింటికి తనిఖీ. ఫిర్యాదుదారులు లోపలికి వచ్చి చూడవచ్చు. అది వాళ్ల హక్కు."

ఏడుగురు. నా షెడ్డులో. కాగితం లాక్కుని చదివాను. ఎల్దా. ఒరెస్తే. వీధి చివర బేకరీ వాళ్లు ఇద్దరు. ఎదురింటి అన్నదమ్ములు. అన్నిటికన్నా కింద, స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా, నెరీనా గవీలియో.

మున్సిపాలిటీ నుంచి ఆమె లేత్ షెడ్డు పన్నెండు వీధులు. పరిగెత్తినట్టే వెళ్లాను.

"సంతకం పెట్టావు!"

"పెట్టాను. పెన్నుతో."

"నీ ఇల్లు నా షెడ్డుకి ఎక్కడో ఉంది! నా గ్రైండర్ నీకు వినపడను కూడా వినపడదు!"

"వినపడదు," అని ఒప్పుకుంది. "దోన్యా ఎల్దా కాగితం పట్టుకుని వచ్చింది. 'నిన్ను కూడా గేటు బయటే నిలబెట్టాడటగా, పెట్టమ్మా' అంది. పెట్టాను."

"అంటే... శబ్దం గురించి కాదా?"

"నీకింకా అర్థం కాలేదా? శబ్దం గురించి ఆ ఏడుగురిలో ఒక్కరికీ పట్టింపు లేదు. దోన్ ఒరెస్తేకి ఒక చెవి ఎప్పుడో పోయింది. అందరి మధ్యా ఉంటూ, మూసిన గేటు వెనక రెండేళ్లుగా ఒక మనిషి బండి కడుతున్నాడు. మా ఊళ్లో! తుమ్మితే నలుగురు పలికే ఊళ్లో! దోన్యా ఎల్దా అవమానంతో సియెస్టా నిద్రే మానేసింది. గోడకి చెవి పెట్టి, ఇప్పుడు ఏం కోస్తున్నావో ఊహిస్తూ కూర్చుంటోంది."

"అది నా సొంత విషయం!"

"కాదన్నానా? ఉండు నీ సొంత విషయంతో. సీలు వేస్తే గేటు ఇంకా గట్టిగా మూసి ఉంటుంది, నీకే హాయి."

ఆమె కోపం నా కోపం కన్నా న్యాయమైనదన్న అనుమానం వచ్చింది. అది మనిషిని బలహీనపరిచే అనుమానం. నేను వెంటనే ఇంటికెళ్లిపోయాను.

శనివారం ఐదింటికి గొళ్లెం తీశాను. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాను. జడ్జి ఒందీనా ముందు నడిచింది. వెనక ఏడుగురూ వచ్చారు. ముగ్గురి చేతుల్లో మడత కుర్చీలున్నాయి. బేకరీ వాళ్లు ఒక పొట్లం తెచ్చారు. దోన్యా ఎల్దా ఫ్లాస్కు తెచ్చింది.

"ఇదేనా?" అంది ఎల్దా, నడుం మీద చెయ్యేసుకుని. "ఇన్నాళ్లూ దాచింది ఇదా? నేనింకా విమానం అనుకున్నాను, నాయనా!"

"తలుపుకి బందు వాలింది," అన్నాడు ఎదురింటి అన్న.

"వాల్లేదు, నేల వాలింది," అన్నాడు తమ్ముడు.

"నేల ఏమీ వాల్లేదు!" అని అరిచాను. "రసమట్టం పెట్టి పోశాను!"

"అరవకు, అరవకు. ఇది కోర్టు," అంది జడ్జి. అప్పటికే ఆమె బానెట్ కింద తల పెట్టేసి ఉంది.

దోన్ ఒరెస్తే మాత్రం నా రేకు వంచే మిషన్ ముందు ఆగిపోయాడు. వేలితో దాని అంచు తడిమాడు.

"ఇదెక్కడ కొన్నావు?"

"కొనలేదు. నేనే చేశాను. రైలు పట్టా ముక్కలు, రెండు తలుపు బందులు."

కింద పడి ఉన్న రేకు ముక్క తీసి అందులో పెట్టి పిడి నొక్కాడు. రేకు కాగితంలా, నిక్కచ్చిగా మడిచినట్టు వంగింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆ పెద్దాయన మొహంలో నేను ఎదురుచూసింది సలహా. కనిపించింది వేరే.

"ఇంత మంచి పని చేసి నాకు చూపించలేదేంరా?" అన్నాడు. గొంతు నిజంగా నొచ్చుకుని ఉంది. "నేనేం పాపం చేశాను?"

రెండేళ్లుగా వాళ్ల గురించి నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. వీళ్లంతా నా పనిలో వేలు పెట్టడానికే పుట్టారని. ఆ రేకు ముక్కని ఆయన జేబులో పెట్టుకుంటుంటే ఆ సిద్ధాంతం తనిఖీ గదిలో చెడ్డ ముక్కల వైపు జరిగింది. వాళ్లు మెచ్చుకోవడానికి వచ్చి ఉండవచ్చు. మెచ్చుకోలుకి వాళ్లకి తెలిసిన రూపం సలహా. ఇంతకాలం ఇది నాకెందుకు తట్టలేదు? నేను తెలివైనవాణ్ణనుకున్నానే!

నెరీనా మటుకు నావైపు చూడలేదు. నేరుగా బండి తలుపు తీసి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరింది. బయటికి ఆమె బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"రంధ్రం గుండ్రంగా లేదు," అన్నాయి బూట్లు. "కోడిగుడ్డులా ఉంది. పిన్నూ ఇదీ కలిసి అరిగాయి. దీంట్లో ఎంత మంచి పిన్ను వేసినా వాలుతుంది. రంధ్రం పెద్దది చేసి, లోపల బుష్ దించి, దానికి తగ్గ పిన్ను చేయాలి. మూడు గంటల పని. ఇది నాకు సెప్టెంబరులోనే చూపించి ఉంటే..."

మాట పూర్తి చేయలేదు. బయటికొచ్చి చేతులు దులుపుకుంది.

జడ్జి కుర్చీలో కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకుంది. "సరే. ఇతను ఇకమీద సియెస్టాలో గ్రైండర్ వేయనని ఒప్పుకుంటున్నాడు."

"ఒప్పుకుంటున్నానా?"

"ఒప్పుకుంటున్నావు. మరి మీరు?"

ఎల్దా తన సంతకం వెనక్కి తీసుకుంది. రంగు విషయం తర్వాత మాట్లాడతానని హెచ్చరించి తీసుకుంది. ఒరెస్తే తీసుకున్నాడు. బేకరీ వాళ్లు, అన్నదమ్ములు తీసుకున్నారు. ఆరుగురు.

"గవీలియో గారూ?"

"నేను తీసుకోను," అంది నెరీనా.

షెడ్డులో మాతే పీల్చే చప్పుడు ఆగిపోయింది.

"ఒక్క సంతకం మిగిలినా సీలు వేయాలమ్మా," అంది జడ్జి. "అన్నీ ఆగిపోతాయి."

"తెలుసు. ఒక ప్రశ్నకి జవాబు చెప్తే తీసుకుంటాను." నావైపు తిరిగింది. చెంప మీద గ్రీజు మరక ఉంది. కళ్లలో మాత్రం పూర్తిగా నిప్పు. "వీళ్లని ఎందుకు రానివ్వలేదో నాకు అర్థమైంది. వీళ్లు మాట్లాడతారు. నన్నెందుకు రానివ్వలేదు? నేను సలహాకి రాలేదు. కొలవడానికి వచ్చాను. వానలో వచ్చాను."

"గొడుగు ఇచ్చాను!"

"గేటు సందులోంచి!"

"గేటు సందులోంచా?" అంది ఎల్దా, గుండె మీద చెయ్యేసుకుని. ఆరుగురూ నన్ను కొత్తగా చూశారు. బేకరీ ఆవిడ పొట్లం నా దగ్గర్నుంచి దూరంగా జరిపింది.

"ఇంకోటి," అంది నెరీనా. "ఇతను ఫ్యాక్టరీలో రోజుకి కొన్ని వందల పిన్నులు కొలుస్తాడు. అరిగిన నమూనా ఇస్తే అరిగిన పిన్నే వస్తుందని ఊళ్లో అందరికన్నా ఇతనికే బాగా తెలియాలి. ఒకసారంటే పొరపాటు. మూడుసార్లు పొరపాటా? జవాబు చెప్పు, ఔదీసియో. నన్ను ఏడిపించడానికా?"

మంచి కోపపు జవాబు కోసం నోరు తెరిచాను. నా దగ్గర అలాంటివి ఎప్పుడూ నిండుగా ఉంటాయి. ఆ రోజు లోపల చూసుకుంటే ఒక్కటీ లేదు. వాటి చోట చాలా కాలంగా కూర్చున్న, నేనే చూడకుండా తప్పించుకుంటున్న ఒక చిన్న సంగతి ఉంది.

తెలుసు. నాకు మొదటి పిన్ను రోజునే తెలుసు. చీటీ మీద రెండు గీతలు గీస్తున్నప్పుడే నా చేతికి తెలుసు.

"పిన్ను సరిగ్గా వస్తే," అన్నాను, "మళ్లీ నీ దగ్గరికి రావడానికి కారణం ఉండదు."

చెప్పినందుకు కాదు, ఆరుగురు సాక్షులు, ఒక జడ్జి ముందు చెప్పాల్సి వచ్చినందుకు నాకు పట్టరాని ఒళ్లుమంటగా ఉంది. కానీ ఆ మంటలోనే మిగతాది కూడా బయటికొచ్చేసింది.

"నాకు కోపం వస్తే తప్ప నీ దగ్గరికి రావడం చేతకాలేదు. అందుకని కోపం వచ్చేలా చేసుకున్నాను. ఇది చాలా నీచమైన పద్ధతి, ఒప్పుకుంటున్నాను. గేటు సంగతి వేరే."

"ఏమిటి వేరే?"

బండి తలుపు తీసి, అడుగు మీద పరిచిన గోనెపట్టా లాగేశాను. కింద, విత్తనాల తొట్టి రేకు పాత రేకుతో కలిసే చోట, ఈ చివర నుంచి ఆ చివరిదాకా నా వెల్డింగ్.

"ఇది," అన్నాను. "ఈ ఊరంతా చూసినా నాకేం కాదు. నువ్వు చూస్తావనే తియ్యలేదు. నీ చేతి పని చూశాక నా చేతి పని నీకు చూపించలేకపోయాను. మూడుసార్లు గ్రైండర్‌తో గీకేసి మళ్లీ వేశాను. వేసినకొద్దీ పాడైంది. సియెస్టాలో వీళ్లందరూ తిట్టుకున్న శబ్దం అదే."

దోన్ ఒరెస్తే వంగి చూడబోయాడు. ఎల్దా ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "వాళ్లని మాట్లాడుకోనివ్వండి!"

నెరీనా మోకాళ్ల మీద కూర్చుని ఆ అతుకుని మొదటి నుంచి చివరి దాకా వేలితో తడుముతూ వెళ్లింది. చాలాసేపు. నాకు షెడ్డుకి సీలు వేసినా ఇంత భయం వేసేది కాదు.

"పావురాల గుంపు దిగి రెట్ట వేసినట్టుంది," అంది చివరికి.

"అంత ఘోరంగా ఏం లేదు!"

"ఇంతకన్నా ఘోరంగా ఉంది. కరెంటు తక్కువ పెడుతున్నావు, చెయ్యి తొందరపెడుతున్నావు. భయపడుతూ వేస్తున్నావు, లిసాంద్రో."

నా పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి. అంతకు ముందు నేనెప్పుడూ చీటీ మీది ఇంటిపేరునే.

జడ్జి దగ్గరికి వెళ్లి పెన్ను తీసుకుంది. తన సంతకాన్ని ఒకే గీతతో కొట్టేసింది. మళ్లీ వచ్చి చెయ్యి చాపింది.

"మాస్కు ఏది?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. సియెస్టా అయిపోయిందిగా. ఈ అతుకు ఇలాగే వదిలేస్తే నాకు రేపటిదాకా నిద్ర పట్టదు."

గోడకి ఉన్న రెండు మాస్కులూ తెచ్చాను. వెల్డింగ్ మిషన్ ప్లగ్గు పెట్టాను. ఆమె మీట తిప్పి కరెంటు పెంచింది, మిషన్ గుర్రుమంది.

"అందరూ అటు తిరగండి," అంది గట్టిగా. "వెలుగు చూస్తే కళ్లు పోతాయి."

మా ఊళ్లో ఆ మాట రెండోసారి చెప్పక్కర్లేదు. అన్నదమ్ములు, బేకరీ వాళ్లు, దోన్ ఒరెస్తే, దోన్యా ఎల్దా, జడ్జి ఒందీనా కుర్చీలతో సహా గోడ వైపు తిరిగారు. రెండేళ్లుగా చూడనివ్వమని కోర్టుదాకా వెళ్లినవాళ్లు, ఒక్క మాటతో వీపులు తిప్పేశారు.

మేమిద్దరం బండి అడుగు మీదికి వంగాం. మాస్కులు దించుకున్నాం. లోపల కటిక చీకటి. చీకట్లో ఆమె చెయ్యి నా మణికట్టు వెతుక్కుని పట్టుకుంది. గట్టి చెయ్యి, అరచేతిలో ఇనుప రజను గరుకు. నేను నిప్పు రాజేయాలి. రాజేయలేదు.

ఆమె మాస్కు పైకెత్తింది. నేనూ ఎత్తాను. గ్రీజు మరక ఇంకా అక్కడే ఉంది. కోపంగానే చూస్తోంది, కానీ ఆ కోపం చివర పెదవి వణుకుతోంది, నవ్వు ఆపుకుంటున్నట్టు. ఆ తర్వాత మా మధ్య దూరం ఎంతో నేను కొలవలేదు.

"ఏం నాయనా, ఇంకా వెలుగు రాలేదేం?" అంది దోన్యా ఎల్దా గోడతో.

"వస్తుంది. ఎవరూ ఇటు తిరగొద్దు," అంది నెరీనా. ఊపిరి కాస్త ఆడనట్టుంది.

"తొందరపడనివ్వకు, అమ్మాయ్," అని దోన్ ఒరెస్తే గోడకే సలహా ఇచ్చాడు. "నిదానంగా, ఒకే చోట ఆగి ఆగి వెళ్లాలి."

"అలాగే, దోన్ ఒరెస్తే," అంది నెరీనా, నా చొక్కా కాలరు వదలకుండా.